మన్యానికి నేర్పిన నిగ్రహం

ఆహారపానీయాలు మనిషి శరీరాన్నే కాదు, నడవడినీ తీర్చిదిద్దుతాయి. నడవడి మారినప్పుడు అలవాట్లూ మారుతాయి. ఈ పరస్పర సంబంధాన్ని గ్రహించి, మన్యప్రజలను మేల్కొల్పిన మహావీరుడు అల్లూరి సీతారామరాజు.

ఆయన 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో వెంకటరామరాజు, సూర్యనారాయణమ్మ దంపతులకు జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. చదువును మధ్యలోనే విడిచి, ఆధ్యాత్మిక చింతనతో దేశాటనం చేశాడు. 1917లో కృష్ణదేవిపేట చేరి, నిరాడంబరంగా జీవించాడు.

మన్యంలో పోడు వ్యవసాయమే బతుకుతెరువు. కొండవాలున పండిన చోళ్ళు, సామలు, కందులు గిరిజనుల ఆహారం. చోడి అంబలితో ఆకలి తీర్చుకొనేవారు. జీలుగుకల్లు వారికి పండుగ పానీయం. ఆ కల్లుపై విధించిన పన్ను 1879 నాటి రంప తిరుగుబాటుకు ఒక కారణం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుపై ఆంక్షలు విధించింది. రోడ్ల పనులలో వెట్టిచాకిరి తోడై, గిరిజనుల బతుకు దుర్భరమైంది.

ఒకనాడు తాతలు ఏ కల్లు కోసం తిరగబడ్డారో, ఆ కల్లునే మనుమలు విడిచిపెట్టాలని రామరాజు బోధించాడు. ఇందులో వైరుధ్యం లేదు. పన్నుకు లొంగకపోవడం ఆత్మగౌరవమైతే, మత్తుకు లొంగకపోవడం కూడా ఆత్మగౌరవమే. మత్తు తగాదాకు, తగాదా కోర్టుకు, కోర్టు అప్పుకు దారితీస్తుంది. అప్పు తీర్చడానికి పంట పోతే, మిగిలేది ఆకలి. ఆ బాధను మరవడానికి మనిషి మళ్ళీ మత్తునే ఆశ్రయిస్తాడు. ఈ వలయాన్ని ఛేదించడానికే ఆయన మద్యపానం మానాలనీ, తగాదాలను పంచాయతీలలో పరిష్కరించుకోవాలనీ ఉద్బోధించాడు. సహాయనిరాకరణోద్యమ ప్రభావం ఈ బోధలో కనిపిస్తుంది. తాను ఆచరించినదే చెప్పినందువల్ల ఆయన మాటకు విలువ కలిగింది.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో పోరాటం ప్రారంభమైంది. గాము గంటందొర, మల్లుదొర వంటి వీరులు ఆయనకు అండగా నిలిచారు. స్వాధీనం చేసుకొన్న ఆయుధాల వివరాలను స్టేషనులోనే రాసి వెళ్ళిన క్రమశిక్షణ వారిది. ఆకలికి ఓర్చుకొంటూ అడవిలో దాదాపు రెండేళ్ళు పోరాడడానికి నిగ్రహమే వారికి బలమైంది. 1924 మే 7న కొయ్యూరులో బ్రిటిషువారు రామరాజును బంధించి, కాల్చిచంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆయన పేరిట జిల్లా ఏర్పడింది. అరకులోయ చెంతనున్న డుంబ్రిగుడ ఆ జిల్లాలోనిదే. అక్కడి చోడి అంబలి నేటికీ పోషకాహారమే, పండుగ కల్లు నేటికీ ఆచారమే. ఏది ఎంతవరకు తనకు మేలు చేస్తుందో ఎరిగి నడచుకొన్నవాడే స్వతంత్రుడు. రామరాజు జీవితం మనకు అందించే సందేశం ఇదే.