ఆకలి తెలిసిన పండిత రమాబాయి

మన సోలాపూర్ నుంచి పుణె వెళ్ళే రైలుదారిలో, దౌండ్ దాటాక, కెడ్‌గావ్ అని ఒక చిన్న స్టేషన్ వస్తుంది. పండిత రమాబాయి కట్టిన ముక్తి ఆశ్రమం ఉన్నది ఆ ఊళ్ళోనే.

ఆమె 1858లో కర్ణాటకలో, పడమటి కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. ఆడవాళ్ళకి సంస్కృతం కూడదనే రోజుల్లో తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకి చదువు చెప్పాడు. ఆ తల్లే కూతురికి నేర్పింది. ఊరూరా పురాణం చెప్పుకుని బతికే కుటుంబం. కరువొచ్చాక పురాణం వినేదెవరు? ఉన్నవన్నీ అమ్ముకుని, చివరికి తిరుపతి అడవిలో పదకొండు రోజులు ఆకులూ అలములూ తిని తిరిగారు. 1874లో తండ్రి పోయాడు. కొద్ది నెలలకి తల్లి, ఆ తర్వాత అక్క. అప్పటికి రమాబాయికి పదహారేళ్ళు, అంటే మనకంటే చిన్నది.

మిగిలిన అన్నతో కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరింది. అక్కడి విద్వాంసులు ఆమెకి పండిత, సరస్వతి అని బిరుదులిచ్చారు. రెండేళ్ళకి అన్న కూడా పోయాడు. బెంగాలీ వకీలు బిపిన్ బిహారీని పెళ్ళాడితే 1882లో కలరా ఆయన్నీ తీసుకుపోయింది. ఒళ్ళో ఏడాది నిండని మనోరమ.

మరుసటి ఏడు ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది. ఆమె మనసు కదిలించింది ప్రసంగాలు కాదు. లండన్‌లో, లోకం వెలివేసిన ఆడవాళ్ళని చేరదీసి చూసుకుంటున్న క్రైస్తవ సన్యాసినులు. యేసు సమరయ స్త్రీతో మాట్లాడిన కథ ఆమెకి అక్కడే తెలిసింది. అలాగని చెప్పిందల్లా తలూపి ఒప్పుకునే మనిషి కాదు. మతసిద్ధాంతాల మీద ఆ సన్యాసినులతోనే గట్టిగా వాదించింది.

1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ పెట్టి, తర్వాత పుణెకి మార్చింది. పిల్లల్ని మతం మారుస్తోందని 1893లో ఊరు భగ్గుమంది. చాలామంది తమ ఆడపిల్లల్ని తీసుకెళ్ళిపోయారు. తల్లిదండ్రుల భయమూ తీసిపారేసేది కాదు. కానీ ఆ పిల్లల్లో కొందరికి చదువు అక్కడితో ఆగిపోయిందేమో అనుకుంటే బాధేస్తుంది.

1896లో మధ్యపరగణాల్లో కరువు. అక్కడికి తనే వెళ్ళింది. ఎముకల గూళ్ళలా ఉన్న ఆడపిల్లల్ని చూసినప్పుడు తన చిన్ననాటి ఆకలి ఆమెకి గుర్తురాకుండా ఉంటుందా? ఆమె విశ్వాసం నాకు అర్థమయ్యేది ఇక్కడే. దేవుడు తనని ఆ అడవిలోంచి బయటికి తెచ్చాడని నమ్మింది గనకే మళ్ళీ కరువులోకి నడిచింది. వందలమందిని తెచ్చుకుంది. పుణెలో ప్లేగు. అందుకని కెడ్‌గావ్‌లో పండ్లతోటకని కొన్న నేలలో వాళ్ళకి గుడిసెలు వేయించింది, బావులు తవ్వించింది. 1900 గుజరాత్ కరువు తర్వాత అక్కడున్నవాళ్ళు రెండువేలకి చేరువయ్యారు. నేత, కుట్టు, వ్యవసాయం, అచ్చుపని నేర్చుకున్నారు. చూపులేనివాళ్ళకి బ్రెయిలీ చెప్పించింది.

చివరి ఏళ్ళన్నీ బైబిలుని మరాఠీలోకి తేవడానికే పెట్టింది. పల్లెటూరి ఆడవాళ్ళకి అర్థమయ్యే మాటల్లో ఉండాలని పట్టుబట్టి, హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మరీ చేసింది. అచ్చువేసింది కూడా ముక్తిలోని ఆడవాళ్ళే. 1921 జూలైలో మనోరమ చనిపోయింది. తల్లి పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న తనూ కన్నుమూసింది. పూర్తి బైబిలు 1924లో వెలువడింది.