ఆర్గను నిర్మాత హెన్రీ విల్లిస్

హార్మోనియములో తిత్తి నుండి వచ్చు గాలి ఇత్తడి రేకులను పలికించునని మన విద్యార్థు లెఱుగుదురు. పెద్ద ఆర్గనులో గాలి పలికించునవి వేలకొలది గొట్టములు. కొన్ని చిటికెనవ్రేలికంటె చిన్నవి. కొన్ని 32 అడుగుల పొడవు గలవి. ఇట్టి వాద్యములను నిర్మించుటలో పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునందు అగ్రగణ్యుడైనవాడు హెన్రీ విల్లిస్.

ఇతడు 1821వ సంవత్సరమున లండనులో జన్మించెను. 14 ఏండ్ల ప్రాయమున జాన్ గ్రే యను ఆర్గను నిర్మాతయొద్ద శిష్యుడుగా చేరి పని నేర్చెను. వాద్యమును చేయుటయేగాక వాయించుటయు నెఱిగి, చాలకాలము దేవాలయమున ఆర్గను వాయించుచుండెను. అందువలన వాయించువాని కష్టము అతనికి స్వానుభవమున తెలిసెను.

గొట్టములు పెరిగినకొలది మెట్లను నొక్కుటకు ఎక్కువ బలము కావలెను. గాలి బలముచేతనే ఆ బరువును మోయించి వ్రేళ్లకు సులువు కలిగించు ఏర్పాటును విల్లిస్ తన వాద్యములలో అమర్చెను. 1851లో లండను మహాప్రదర్శనమున అతడుంచిన ఆర్గనునకు 70 స్టాపులుండెను. స్టాపనగా ఒకే విధమైన నాదము నిచ్చు గొట్టముల వరుస. దానిని చూచి లివర్‌పూల్ నగరమువారు తమ సెయింట్ జార్జి హాలు ఆర్గనును అతనికే అప్పగించిరి. అది 1855లో 100 స్టాపులతో పూర్తియయ్యెను. 1871లో లండను రాయల్ ఆల్బర్టు హాలున నిర్మించినదానికి 111 స్టాపులును, సుమారు 9,000 గొట్టములును ఉండెను. దానికి గాలి నందించుటకు ఆవిరియంత్రములను నిలుపవలసివచ్చెను.

అతని ధైర్యమునకు పరీక్ష 1873లో వచ్చెను. లండనులోని అలెగ్జాండ్రా పాలెస్ అను మహాభవనమున అతడొక గొప్ప ఆర్గనును నిర్మించెను. మే 24న భవనము తెరువబడెను. 16 దినములకే, జూన్ 9న, అగ్ని దానిని దహించెను, ఆర్గనును భస్మమయ్యెను. ప్రతి గొట్టమును విడివిడిగా చేతితో సరిచేసి, తక్కినవానితో పొందునట్లు పలికింపవలెను. అట్టి శ్రమ ఒక్క దినమున మాసిపోయెను. అయినను విల్లిస్ మరల మొదటినుండి ఆరంభించి, 1875 మే 1న భవనము తిరిగి తెరువబడునాటికి మరియొక ఆర్గనును నిలిపెను.

అతడు పాదిరి కాకపోయినను, పూర్వము బెర్నార్డు స్మిత్ అను నిర్మాతను పిలిచినట్లే, ఇతనిని గూడ జనులు గౌరవముతో ఫాదర్ విల్లిస్ అని పిలిచిరి. 1901లో అతడు మృతినొందెను. ఆల్బర్టు హాలు ఆర్గను పలుమారులు బాగుచేయబడి, 2004 నాటికి 9,999 గొట్టములు గలదయ్యెను.

విద్యార్థులారా, చేసినపని చెడినపుడు దానినే మరల శ్రద్ధతో చేయుట తొలిసారి చేయుటకంటె కష్టము. విల్లిస్ ఘనత అందే యున్నది.