వీరనారి చ్యూ జిన్

చీనాదేశమును మంచూ చక్రవర్తులు పాలించు కాలమున స్త్రీల బ్రతుకు దైన్యమైనది. పెక్కు కుటుంబములలో ఆడుబిడ్డకు అయిదారేండ్లు రాగానే పాదములను వంచి గుడ్డపట్టీలతో బిగించి కట్టెడివారు. పాదము చిన్నది కానిచో మంచి సంబంధము దొరకదని తల్లులే ఈ పనికి పూనుకొనుచుండిరి.

అట్టి దినములలో చ్యూ జిన్ ఒక ఉద్యోగి ఇంట జన్మించెను. ఆమెకును ఆ కట్లు తప్పలేదు. అయినను ఆమె చదువు నేర్చి పద్యములు రచించెను. గుఱ్ఱపుస్వారియు, కత్తిసామును అభ్యసించెను. పెద్దలు కుదిర్చిన వివాహమై, ఇరువురు బిడ్డలు కలిగిరి. భర్తతో ఆమెకు పొత్తు కుదరలేదు. ఆమె పాదముల కట్లు విప్పివేసి, నగలమ్మి, 1904లో బిడ్డలను విడిచి విద్యకై జపానునకు పోయెను.

మరలివచ్చి, 1907లో షాంఘై నగరమున స్త్రీలకొక పత్రికను నెలకొల్పెను. స్త్రీలు విద్య నేర్చి, తమ జీవనమును తామే గడించుకొనవలెనని సామాన్యులకు తెలియు వాడుకభాషలో బోధించెను. ధనము చాలక ఆ పత్రిక రెండు సంచికలతోనే నిలిచిపోయెను.

పిమ్మట షావోషింగ్ పట్టణమున ఒక పాఠశాలకు అధ్యక్షురాలై, యువకులను రహస్యముగా తిరుగుబాటునకు సిద్ధపఱచెను. ఆ యేటి జూలైలో సహచరుడు షూ షిలిన్ అన్‌చింగ్ పట్టణమున లేవదీసిన తిరుగుబాటు విఫలమై, ఆమె గుట్టు బయలుపడెను. తప్పించుకొను అవకాశమున్నను ఆమె పాఠశాలను వీడలేదు. జూలై 15న ప్రభుత్వము ఆమెకు శిరచ్ఛేదము గావించెను.

1912లో చక్రవర్తి సింహాసనమును వీడెను. ఆ యేడే నూతన ప్రభుత్వము పాదబంధనమును నిషేధించెను. 1950 నాటి వివాహశాసనము బలవంతపు పెండ్లిండ్లను మాన్పి, స్త్రీపురుషులకు సమానహక్కు లొసంగెను. చ్యూ జిన్ నాటిన విత్తు ఫలమును ఆమె చూడలేదు. తరువాతి తరముల స్త్రీలు అనుభవించిరి.