రెండో జార్జ్ రాజు ఛాతీలో ఏం జరిగింది?

బొబ్బిలి యుద్ధం జరిగిన 1757లోనూ, మచిలీపట్నం కోట ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లిష్ కంపెనీ చేతికి వచ్చిన 1759లోనూ లండన్ సింహాసనం మీద ఉన్నది రెండో జార్జ్. మన చరిత్ర పాఠాల్లో ఆయన పేరు పెద్దగా వినిపించదు. వైద్య పుస్తకాల్లో మాత్రం ఉంటుంది. ఆయన చనిపోయిన తీరే అందుకు కారణం.

1683లో జర్మనీలోని హనోవర్‌లో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి ఆమెను ఒక కోటలో బంధించాడు. కొడుకు మళ్లీ తల్లి మొహం చూడలేదు. ఆ తండ్రి ఇంగ్లండ్ రాజయ్యాక ఇద్దరికీ పడక, 1717లో కొడుకును రాజభవనం నుంచి వెళ్లగొట్టాడు. 1727లో తానే రాజయ్యాడు. ముక్కోపి, అన్నీ గడియారం ప్రకారం జరగాల్సిందే. 1743లో డెట్టింగెన్ దగ్గర సేనను స్వయంగా నడిపాడు. బ్రిటన్ రాజుల్లో అలా యుద్ధంలో నిలబడ్డ చివరివాడు ఆయనే. భార్య కరోలిన్ బొడ్డు దగ్గరి హెర్నియా ముదిరి 1737లో పోయింది. చివరి ఏళ్లలో ఆయనకు చూపు, వినికిడి తగ్గాయి. బీపీ కొలిచే మిషన్ అప్పటికి పుట్టనే లేదు.

1760 అక్టోబరు 25న ఉదయం ఆరింటికి లేచి కప్పు చాక్లెట్ తాగాడు. కాసేపటికి మరుగుదొడ్డికి వెళ్లాడు. బయట ఉన్న సేవకుడికి ఏదో పడ్డ చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే రాజు నేల మీద ఉన్నాడు. నరం కోసి రక్తం తీయబోయారు, అప్పటి వైద్యం అది. ఫలితం లేదు. 77 నిండడానికి కొద్ది రోజులే తక్కువ.

రాజవైద్యుడు ఫ్రాంక్ నికోల్స్ దేహాన్ని తెరిచి చూసింది రాసిపెట్టాడు. 1761లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. గుండె చుట్టూ ఉన్న సంచిలో సుమారు అర లీటరు రక్తం గడ్డకట్టి ఉంది. గుండె కుడివైపు కింది గదికి చిల్లు పడింది. బృహద్ధమని లోపలి పొర అంగుళంన్నర మేర చిరిగి, రక్తం గోడ పొరల మధ్యకు దూరింది. గుండెకు ఆ చిల్లు ఎలా పడిందని వైద్యులు ఇంకా వాదించుకుంటారు. ధమని చీలికకు మాత్రం ఈనాటి పేరు అయోర్టిక్ డిసెక్షన్. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలోనే ఇది ఎక్కువ. ముక్కినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి రాజు ఎక్కడ పడిపోయాడన్నది కూడా గమనించాల్సిన సంగతే.

నికోల్స్‌కు కత్తి తప్ప దారి లేదు. ఇప్పుడు బతికున్న మనిషిలోనే చూడవచ్చు, సరైన పరీక్ష ఎంచుకుంటే. మీ ఇంట్లో బీపీ ఉన్న పెద్దాయనకు ఉన్నట్టుండి ఛాతీలోనో, రెండు రెక్కల మధ్యనో చీల్చినట్టు నొప్పి వచ్చిందనుకోండి. మొదటి నిమిషంలోనే భరించలేనంత నొప్పి. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. ఈసీజీ తీస్తారు, తీయాల్సిందే. కానీ ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే బాగున్నా ఈ జబ్బు లేదని చెప్పలేం. ఇంకో చిక్కు ఉంది: చీలిక గుండె రక్తనాళం దాకా పాకితే ఈసీజీలో హార్ట్ ఎటాక్‌లాగే కనిపిస్తుంది. అప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం పోవచ్చు. అందుకే డాక్టర్ రెండు చేతుల్లోనూ బీపీ చూస్తారు. తేడా బాగా ఉంటే అనుమానం బలపడుతుంది.

మనిషి నిలకడగా ఉంటే సీటీ యాంజియో చేయాలి. మామూలు సీటీ చాలదు. నరంలోకి రంగు మందు ఎక్కించి మెడ కింది నుంచి తొడల దాకా ధమని మొత్తం చూడాలి. కొన్ని నిమిషాల పని. కిడ్నీ రిపోర్టు వచ్చేదాకా ఆగుదామని కొందరు బంధువులు పట్టుబడతారు. ఇలాంటప్పుడు ఆగకూడదని నా అభిప్రాయం. గుండెకు దగ్గరి చీలికలో మొదటి రెండు రోజులు గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున పోతారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. బీపీ పడిపోతున్న మనిషిని సీటీ గదికి తోయడం ప్రమాదం. మంచం దగ్గరే టూడీ ఎకో చేస్తే గుండె సంచిలో రక్తం, రాజులో నికోల్స్ చూసిందే, తెలిసిపోతుంది. కానీ ఛాతీ మీది నుంచి చేసే ఎకోకు ధమని అంతా అందదు. చీలిక కనబడలేదంటే లేదని కాదు. గొట్టాన్ని అన్నవాహికలోకి దింపి చేసే ఎకో ఇంకా స్పష్టం. అది ఆపరేషన్ థియేటర్‌లో కూడా చేయవచ్చు. ఎమ్మారై మంచిదే గానీ ఎక్కువ సేపు పడుతుంది, అది తర్వాతి చెకప్‌లకు. ఛాతీ నొప్పి వచ్చిన ప్రతివాళ్లకూ సీటీ అక్కర్లేదు. చాలామందిలో కారణం వేరే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వరంగల్‌కు గంట, గంటన్నర దారి. బయలుదేరే ముందే బీపీ తగ్గించే మందు, నొప్పికి ఇంజెక్షన్ మొదలుపెట్టించండి. వెళ్లే చోట సీటీ యాంజియో, గుండె ఆపరేషన్ చేసే సర్జన్ ఉన్నారో లేదో డాక్టర్ చేత ఫోన్ చేయించండి. సీటీ అయిపోయి ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా వెంట తీసుకెళ్లండి.