రాజ్యం పోయింది.. కోట కాలేజీ అయింది! వనపర్తి రాజా రామేశ్వరరావు కథ ఇదీ

వనపర్తిలో కేడీఆర్ పాలిటెక్నిక్ కాలేజీ చూశారా? ఒకప్పుడు అది రాజావారి ప్యాలెస్. దాన్ని చదువుల కోసం వదులుకున్న వ్యక్తి జె.రామేశ్వరరావు.

1923లో పుట్టిన ఆయన వనపర్తి సంస్థానానికి చివరి రాజా. 1949లో జాగీర్ల రద్దుతో ఆ పాలన ముగిసింది. రామేశ్వరరావు మాత్రం దౌత్యవేత్తగా మారారు. నైరోబీలో పనిచేశాక, 1950లలో గోల్డ్‌కోస్ట్, నైజీరియాలకు భారత కమిషనర్‌గా అక్రాలో ఉన్నారు. ఆ గోల్డ్‌కోస్టే 1957లో స్వతంత్ర ఘనా అయింది.

అప్పటికి మన దగ్గరే తిండి గింజల కొరత. అమెరికా గోధుమలు తెచ్చుకుంటున్న రోజులు. అయినా ఆఫ్రికా విద్యార్థులకు భారత్ స్కాలర్‌షిప్‌లు ఇచ్చింది. డబ్బు కుమ్మరించే స్తోమత లేదు కాబట్టి చదువు, శిక్షణే మన విదేశీ సాయం అయ్యాయి. 1964లో మొదలైన ఐటెక్ పథకానిదీ అదే దారి.

ఆఫ్రికా నుంచి తిరిగొచ్చిన రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు. 1962లో గద్వాల నుంచి గెలిచారు. మొత్తం ఐదుసార్లు లోక్‌సభకు వెళ్లారు. 1959లో వనపర్తి పాలిటెక్నిక్‌ను ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. కరువుకు, వలసలకు పేరుపడ్డ పాలమూరులో అదేమీ చిన్న విషయం కాదు. గద్వాల, నాగర్‌కర్నూల్ పిల్లలకూ సాంకేతిక విద్య దగ్గరికొచ్చింది.

తర్వాత ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థనూ ఆయన నడిపించారు. 1998లో కన్నుమూశారు. సంస్థానం చరిత్రలో కలిసిపోయింది. ఆ గోడల మధ్య క్లాసులు మాత్రం ఆగలేదు.