సంఘముగా కూడుట నేర్పిన అజరయ్య బిషప్ గారు

అజరయ్య బిషప్ గారి పేరు ఎరుగని తెలుగు సంఘములు అరుదు. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అని ఆయనను గౌరవముతో తలంచుకొందుము. అయితే ఆయన మన పల్లెలకు నేర్పిన ముఖ్యమైన పాఠము వేరొకటి కలదు. విశ్వాసి ఒంటరిగా ఎదుగడు, సంఘముతో కూడి ఆరాధించవలెను అన్నదే ఆ పాఠము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతమందు ఒక గురువు ఇంట జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎమ్.సి.ఏ. సేవలో ప్రవేశించిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు ఆయన ముందు నిలిచిరి. 1909లో తానే మిషనరీగా నైజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, ఎడ్లబండి మీద ఊరూర తిరిగిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులైరి.

ఆ దినములలో సంఘమున చేరినవారు ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వారికి చదువు రాదు, ఇంట బైబిలు లేదు. ఇంటనే చదువుకొని ప్రార్థించుకొనుడని వారికి చెప్పుట ఎట్లు? అందుచేత కూలిపని ముగిసిన పిమ్మట సాయంకాలము ప్రార్థన గృహములో కూడుట అలవాటు చేసిరి. గ్రామ ఉపాధ్యాయుడు చెప్పగా, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, కీర్తనలు అందరును కలిసి కంఠస్థము చేసిరి. వారి విశ్వాసము కూడికలోనే పుట్టి, కూడికలోనే పెరిగినది.

ఒకరి చేతి నీళ్లు ఒకరు త్రాగని కులములవారు ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపొందవలసి వచ్చినది. ఇది సులువుగా జరుగలేదు. అయినను సంఘములో కులమునకు చోటు లేదని ఆయన పట్టుదలగా బోధించిరి. బీదలును ఇచ్చువారు కావలెనని, వంట వేళ తీసియుంచిన పిడికెడు బియ్యమును ఆలయమునకు తెచ్చుట ప్రోత్సహించిరి. ఏండ్ల తరబడి కట్టిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గుమ్మటములు, మినార్లు, రాతి స్తంభములు గల ఆ ఆలయము మన దేశపు రూపముననే నిలిచియున్నది.

వేరు వేరు మిషనులవారు ఒక బల్లయొద్ద చేరలేకపోవుట ఆయనను బాధించెను. 1919లో తరంగంబాడిలో సంఘైక్యత కొరకు జరిగిన సమావేశమునకు ఆయన నాయకత్వము వహించిరి. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటను ఆయన చూడలేదు.

ప్రియులారా, నేడు మనకు చదువు వచ్చినది, ఇంటింట బైబిలు ఉన్నది. ప్రసంగము సెల్‌ఫోనులోనే వినవచ్చును. ఇక ఆలయమునకు పోనేల అని కొందరు తలంచుచున్నారు. కాని ఫోనులో ప్రసంగము వినువాని ప్రక్కన, అతడు మాటలాడుట మానివేసిన పొరుగువాడు మోకరించడు. ఆ ఇద్దరిని ఒక బల్లయొద్దకు తెచ్చునది ఆలయమే. మంచము పట్టినవారికి గురువు సంస్కారమును ఇంటికి తెచ్చును. నడువగలిగిన మనము మాత్రము నడిచి పోవుదము. మన తాతలు పగలంతా నాట్లు వేసి, అలసిన కాళ్లతోనే ప్రార్థన గృహమునకు పోయిరి గదా.