పదవిని విడిచిన దినము: శ్రీ నీలం సంజీవరెడ్డిగారి జీవితము

పెద్దదోర్నాల కూడలి శివభక్తులకు సుపరిచితమైన స్థలము. మార్కాపురము నుండి వచ్చు త్రోవయు, కర్నూలు, ఆత్మకూరుల మీదుగా వచ్చు త్రోవయు, వినుకొండ వైపు నుండి వచ్చు త్రోవయు ఇచటనే కలియును. ఇచట నుండి నల్లమల కొండలనెక్కి సుమారు 50 కిలోమీటర్లు పోయినచో శ్రీశైల మల్లికార్జునుని సన్నిధి. స్వామిని దర్శించి, పాతాళగంగలో స్నానమాడిన యాత్రికులు కృష్ణానదికి అడ్డముగా నిలిచిన ఆనకట్టను కూడ చూచి మరలుదురు. ఆ జలాశయమునకు ప్రభుత్వము పెట్టిన పేరు నీలం సంజీవరెడ్డి సాగరము. ఆ పేరు చదివినవారిలో పెక్కుమందికి ఆయన రాష్ట్రపతి పదవినలంకరించిన సంగతి తెలియును. ముఖ్యమంత్రిగా నుండి, కర్నూలు జిల్లా బస్సుల వ్యాజ్యము మూలమున, ఒక్కసారిగా రాజీనామా చేసిన సంగతి జ్ఞప్తికుంచుకొన్నవారు తక్కువ. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడు వరకు మార్కాపురము, గిద్దలూరు, దోర్నాల ఆ కర్నూలు జిల్లాలోనివే. కావున ఈ కథ మనకు పరాయిది కాదు.

సంజీవరెడ్డిగారు 1913 మే 19వ తేదీన అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమున రైతు కుటుంబమున జన్మించిరి. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజమువారి పాఠశాలలోను, పిదప అనంతపురము ప్రభుత్వ కళాశాలలోను చదివిరి. 1929లో గాంధీమహాత్ముడు అనంతపురము వచ్చినప్పుడు ఆ యువకుని మనస్సు మారినది. ఖద్దరు ధరించిరి. 1931లో చదువు విడిచి ఉద్యమమున ప్రవేశించిరి. ఆయన విడిచిన వానిలో మొదటిది చదువే యని చెప్పవలెను.

1938 మొదలు పది సంవత్సరములు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శిగా నుండిరి. నడుమ చెరసాల జీవితము. 1942 ఆగస్టులో అరెస్టయి అమరావతి జైలున 1945 వరకు ఉండిరి. అచటి సహచరులు టంగుటూరి ప్రకాశం పంతులుగారు, సత్యమూర్తిగారు, కామరాజుగారు, వి.వి.గిరిగారు. ఈ కడపటి పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందునకు అది మరల వచ్చును. పిదప మద్రాసు శాసనసభ్యత్వము, రాజ్యాంగ నిర్మాణ సభ్యత్వము, 1949లో మద్యనిషేధము, గృహనిర్మాణము, అడవుల శాఖలతో మంత్రిపదవి వరుసగా లభించినవి.

1951లో ఆయన మంత్రిపదవిని వదలి ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి, ఆచార్య రంగాగారిని ఓడించిరి. ఆ సంవత్సరముననే ఐదేండ్ల కుమారుడు మోటారు ప్రమాదమున మరణించెను. ఆ దుఃఖమును తాళలేక అధ్యక్ష పదవికి రాజీనామా చేసిరి. సహచరులు ఎంతయో నచ్చజెప్పిన పిదప దానిని ఉపసంహరించుకొనిరి. రాజకీయములలో రాజీనామా యనగా ఎత్తుగడ యని తలచువారు ఈ ఘట్టమును చూడవలెను. ఇచట ఎత్తుగడ లేదు. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి మాత్రమే కలడు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించినప్పుడు ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రియు, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రియు అయిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా తొలి ముఖ్యమంత్రి ఆయనయే. 1960 జనవరిలో ఆ పదవిని దామోదరం సంజీవయ్యగారికి అప్పగించి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులైరి. 1962 ఎన్నికలలో కర్నూలు జిల్లా డోను నుండి గెలిచి, మార్చిలో మరల ముఖ్యమంత్రి అయిరి. ఆ రెండవ పరిపాలన రెండేండ్లైనను నిండలేదు.

బస్సు చిన్న వస్తువుగా తోచవచ్చును. కాని రైలు లేని తాలూకాలలో ఆనాడు బస్సు పర్మిట్టు కలిగినవాడు సామాన్యుడు కాడు. పదిమంది డ్రైవర్లకు, కండక్టర్లకు పని ఇచ్చెడివాడు. సంతకు, కోర్టుకు, ఆసుపత్రికి పోవువారందరును అతని బండి ఎక్కవలసినవారే. ఎన్నికల దినములలో అతని మాటకు విలువ హెచ్చు. 1958 జనవరిలో రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన పిదప ప్రభుత్వము ఒక్కొక్క ప్రాంతముగా బస్సు మార్గములను జాతీయము చేయసాగెను. ప్రజాహితము దృష్ట్యా ఇది తప్పు కాదు. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా వెనుక అన్నచోటనే చిక్కు పుట్టినది. మొదట అనుకొన్న క్రమము మారి, 1962 ఎన్నికలు ముగిసిన కొలది కాలమునకే కర్నూలు జిల్లా ముందుకు వచ్చెను. ఎన్నికలలో తనకు ఎదురునిలిచిన బస్సు యజమానులను దెబ్బతీయుటకే ముఖ్యమంత్రి ఈ మార్పు చేయించిరని ఆ యజమానులు న్యాయస్థానమునకు ఎక్కిరి. హైకోర్టులో వారికి ఫలము లేకపోయెను. సుప్రీంకోర్టుకు పోయిరి.

1964 ఆరంభమున తీర్పు వెలువడెను. దానిని వ్రాసినవారు న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు. ముఖ్యమంత్రిపై వ్యక్తిగత ద్వేషమను ఆరోపణ ప్రమాణపూర్వకముగా చేయబడినది; దానిని కాదనుచు ముఖ్యమంత్రి స్వయముగా ప్రమాణపత్రము దాఖలు చేయలేదు; ఆయన తరఫున చెప్పగల స్థితిలోనున్న అధికారియు చెప్పలేదు; కావున ఆ ఆరోపణ ఖండింపబడకయే మిగిలినది. తీర్పు సారాంశమిది. ఆ పథకములను కోర్టు కొట్టివేసెను.

ఇచట కొంచెము ఆగి ఆలోచింపవలెను. తీర్పు కొట్టివేసినది బస్సు పథకములను మాత్రమే. ముఖ్యమంత్రిని దిగిపొమ్మని కోర్టు అనలేదు. అనుటకు దానికి అధికారమును లేదు. శాసనసభలో ఆయన పక్షమునకు సంఖ్యాబలము చెక్కుచెదరలేదు. మరల క్రొత్త పథకము వ్రాయించి, లోపములు సరిదిద్ది, తన స్థానమున తాను కూర్చుండుటకు చట్టపరమైన అడ్డంకి ఏదియు లేదు. అయినను 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు రాజీనామా సమర్పించిరి. కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రి అయిరి.

ఇట్టి వార్త వచ్చినప్పుడు జనుల నోట ఒకే మాట ఉండదు. కర్నూలు బస్సు యజమానులకు అది తమ మాట నిజమైనదనుటకు రెండవ ముద్ర: మొదటిది కోర్టు వేసినది, రెండవది ఆయనయే వేసినది. ఆయన పక్షమువారికి అది ఉన్నత సంప్రదాయము. ఎదిరిపక్షమువారు అంత సులభముగా మెచ్చుకొందురా? దేశపు అత్యున్నత న్యాయస్థానము అంత మాట అన్న పిదప కూర్చుండుట ఎట్లు సాధ్యము, లేచుటలో గొప్ప ఏమున్నది అన్న వాదము వారిది. నాకు మాత్రము రెండు పక్షములలోను సగము సగము సత్యమే కనబడుచున్నది. లేచుటలో గొప్ప కలదు, ఏలనన ఆనాడే లేవనివారు ఉండిరి.

పంజాబు ముఖ్యమంత్రి ప్రతాపసింగ్ కైరోన్ సంగతి చూడుడు. ఒక ప్రభుత్వ వైద్యుని వ్యాజ్యములో 1963 సెప్టెంబరున సుప్రీంకోర్టు ఆయన ద్వేషబుద్ధిని గూర్చి ఇట్టి తీర్పే ఇచ్చినది. అచటను అధికసంఖ్యాకుల తీర్పు వ్రాసినవారు రాజగోపాల అయ్యంగారే. అచటను ముఖ్యమంత్రి ప్రమాణపత్రము దాఖలు చేయకుండుటయే ప్రశ్న అయినది. కైరోన్‌గారు దిగలేదు. విచారణ సంఘము నియమింపబడి, దాని నివేదిక వచ్చిన పిదప 1964 జూన్‌లోగాని ఆయన పదవి విడువలేదు. రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి సంజీవరెడ్డిగారి రాజీనామా విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అంతమాత్రమున ఆ మౌనము మాసిపోదు. ఒక్క కాగితము మీద, నాకు ద్వేషము లేదు అని ప్రమాణము చేసి సంతకము పెట్టియున్నచో వ్యాజ్యము వేరుదారి పట్టియుండెడిదేమో. ఏల పెట్టలేదు? పెట్టలేకపోయిరా, పెట్టనక్కరలేదనుకొనిరా? పదవిలోనున్నవారు తమను ప్రశ్నించువారికి బదులు చెప్పనక్కరలేదనుకొనుట ఆనాటిదే కాదు, ఏనాటిదైనను దోషమే. ఆయన కోర్టుకు ఇవ్వని జవాబును ప్రజలకు రాజీనామా రూపమున ఇచ్చిరని నా అభిప్రాయము. అది ఆలస్యముగా వచ్చిన జవాబు, కాని వచ్చినది.

కల్యాణమున బిజ్జలుని కొలువులో దండనాయకుడైన బసవేశ్వరుడు ఆ అధికారమును వీడి కూడలసంగమమునకు పోయిన వృత్తాంతము మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. దానితో దీనిని పోల్చుట నా ఉద్దేశము కాదు. అచట విడిచినవాడు నిరపరాధి; కారణము శరణుల ధర్మము. ఇచట విడిచినవారి మీద ఒక నింద నిలిచియున్నది. ఉపమానము తొందరపడి వాడినచో ఉభయులకును అన్యాయము జరుగును.

కథ అంతటితో ముగియలేదు. 1964 మే 27న నెహ్రూగారు పరమపదించిరి. లాల్‌బహదూర్ శాస్త్రిగారు ప్రధానులై సంజీవరెడ్డిగారిని ఉక్కు, గనుల శాఖ మంత్రిగా తీసికొనిరి. ఈ శాస్త్రిగారును రాజీనామా చేసినవారే. 1956లో మహబూబునగరు రైలు ప్రమాదమునకు బాధ్యత వహించి ఆయన ఇచ్చిన రాజీనామాను అంగీకరింపలేదు. అదే సంవత్సరము అరియలూరు ప్రమాదము జరుగగా మరల ఇచ్చి వెడలిపోయిరి. 1966లో ఇందిరాగాంధీగారి మంత్రివర్గములో సంజీవరెడ్డిగారికి లభించిన శాఖ ఏదియో తెలిసినచో చిరునవ్వు రాకమానదు: రవాణా.

1967లో హిందూపురము నుండి లోకసభకు ఎన్నికై సభాపతి అయిరి. అయిన వెంటనే కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా చేసిరి. సభాపతి ఏ పక్షమువాడును కాకూడదని ఆయన తలంపు. 1969లో జాకీర్ హుస్సేన్‌గారు మరణింపగా కాంగ్రెసు ఆయనను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిపెను. కాంగ్రెసు అధ్యక్షులు మన నిజలింగప్పగారు ఆ పక్షమునకు నాయకులు. జూలై 19న సంజీవరెడ్డిగారు సభాపతి పదవిని విడిచిరి. మరునాడే వి.వి.గిరిగారు ఉపరాష్ట్రపతి పదవిని విడిచి ఎదురు నిలిచిరి. అమరావతి జైలు సహచరులు ఇట్లు ప్రత్యర్థులైరి. ఇందిరాగాంధీగారు అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని పిలుపునిచ్చిరి. గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 ఓట్ల విలువ లభించినది. స్వపక్షమే తన్ను విడిచినది. ఆయన అనంతపురము చేరి సేద్యము చూచుకొనిరి.

పల్లె జీవితము కొన్నేండ్లు సాగెను. 1975లో జయప్రకాశ్ నారాయణ్‌గారి ఉద్యమముతో మరల బయటికి వచ్చి, 1977లో నంద్యాల నుండి గెలిచిరి. ఆంధ్రప్రదేశ్‌లో జనతాపక్షమునకు దక్కిన ఒకే స్థానమది. బస్సుల కేసు నడచిన జిల్లా ఆయనను నిండుగా క్షమించినదని దీనిని బట్టి తీర్మానింపలేను. ఓటునకు కారణములు పెక్కు. మరల సభాపతి అయి, మూడున్నర నెలలకే ఆ పదవిని విడిచి, ఈ తడవ పోటీలేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైరి. అంతవరకు ఆ బాధ్యత వహించియున్నవారు బి.డి.జత్తిగారు. బెంగుళూరున బసవ సమితిని స్థాపించిన మహనీయులు వీరే. ఆ సమితి పుట్టిన సంవత్సరమును 1964యే.

రాష్ట్రపతిగా ఆయనకు విధి విచిత్రమైన పని పెట్టెను. 1979 జూలై 15న మొరార్జీ దేశాయిగారు ప్రధాని పదవికి రాజీనామా తెచ్చి ఇచ్చిరి. ఆగస్టు 20న చరణ్‌సింగ్‌గారు లోకసభకు ముఖము చూపకయే రాజీనామా ఇచ్చిరి. ఇన్ని పదవులు విడిచిన మనిషి ఇప్పుడు ఇతరుల రాజీనామాలు అందుకొను స్థానమున కూర్చుండిరి. ఆగస్టు 22న లోకసభను రద్దుచేసిరి. జగ్జీవన్‌రామ్‌గారిని పిలువవలసినదని వాదించినవారు ఆ నిర్ణయమును తీవ్రముగా నిందించిరి. ఆ వివాదము నేటికిని చల్లారలేదు.

1982 జూలై 25న పదవీకాలము ముగించుకొని వెడలిరి. జీవితమున గడువు నిండి దిగిన పదవులు ఆయనకు కొద్దియే. 1996 జూన్ 1న బెంగుళూరున తనువు చాలించిరి.

శ్రీశైలము ఆనకట్టకు 1963 జూలైలో నెహ్రూగారు శంకుస్థాపన చేసినప్పుడు రాష్ట్ర ముఖ్యమంత్రి సంజీవరెడ్డిగారే. ఏడునెలలు గడచునప్పటికి ఆయన ఆ పదవిలో లేరు. ఆనకట్ట పూర్తియై, 12 గేట్లతో నిలిచి, ఆయన పేరు దాల్చినది. పెద్దదోర్నాల కూడలిలో యాత్రికులు ఎక్కి శ్రీశైలము చేరునది నేడు ఆర్.టి.సి. బస్సే.